పదో ప్రశ్న

చీమకుర్తి యార్డులో మధ్యాహ్నం రెండున్నర.
వెరోనా హెడ్డాఫీసు నుంచి
ఫోనులోకి ప్రశ్నలు దిగాయి.
మా సుఖసంతోషాలు కొలుస్తున్నారట,
ఒకటి నుంచి అయిదు దాకా.

మొదటి తొమ్మిదీ తొందరగానే తెగాయి.
హెల్మెట్ ఇచ్చారా, ఇచ్చారు.
జీతం టయానికి పడుతోందా, పడుతోంది.
గౌరవంగా పిలుస్తున్నారా,
పిలుస్తున్నారు,
వెలిగొండయ్య అనడానికి నోరు తిరక్క
మిస్టర్ వెలీ అని.

పదోదాని దగ్గర వేలు ఆగింది.
"పనిచేయు చోట మీకు ఉత్తమ స్నేహితుడు కలడా?"
ఎవరు తర్జుమా చేశారో గాని
దేవుడి గురించి అడిగినట్టు అడిగారు.

నా ఉద్యోగం పేరు ఇంగ్లీషులో బారెడు.
అసలుకి ఒక బకెట్టు, ఒక మగ్గు, ఎర్ర సుద్దముక్క.
రాతి మీద నీళ్ళు పోస్తాను,
నలుపులోని బంగారు నలుసులన్నీ లేచి కూర్చుంటాయి.
అక్కడితో మురిసిపోతే నాకెందుకు జీతం,
ఆరేదాకా చూడాలి.
మంచి రాయి ఒక్కతీరుగా ఆరుతుంది.
లోపల దెబ్బ తిన్నదైతే
అంతా ఆరినాక కూడా ఒక గీత, వెంట్రుకంత,
తడిగా మిగులుతుంది.
దాని మీద సుద్దతో అడ్డంగా కొడితే
తొమ్మిదిమంది పదకొండు రోజుల చెమట
చెత్తకుప్ప మీదికి పోతుంది.

ఆ తొమ్మిదిమందికీ మేస్త్రి దస్తగిరి.
మూడో గోతిలో వైర్‌సా వాడిదే.
అన్నాల దగ్గర వాడి ఎండు నెత్తళ్ళు నా వైపు జరుగుతాయి,
మా ఇంటి చింతకాయ పచ్చడి వాడి వైపు.
మొదటిసారి వాడి రాయి కొట్టేసినప్పుడు
నాలుగు రోజులు పలకలేదు.
అయిదోనాడు డబ్బా తెరుస్తా అన్నాడు,
"నేనూ పోయి నీళ్ళు పోసి చూశాలే.
ఉంది."
అంతే. మళ్ళీ ఆ ఊసు లేదు.

పోయిన బేస్తవారం నాలుగొందల పదిహేడో బ్లాకు.
నేనే చూశా, నేనే ముద్ర వేశా.
లారీకి గొలుసులు కట్టే వేళకి
గోతిలోంచి బండేసుకుని వచ్చాడు.
"ఏందిరా ఎలిగొండా,
నీళ్ళు ఎండలో పోశావా?"
పోశా. మిట్టమధ్యాహ్నం.
ఆ ఎండకి గీత కూడా రాతితోపాటే ఆరిపోతుంది.
చొక్కా విప్పి నీడ పట్టి
తాగే నీళ్ళ సీసా ఒంపాడు.
ఎడమ మూల, జానెడు.
కళ్ళు మూసుకున్నా కనపడేట్టు.

మనిషికి మూడువేల రెండొందల బోనసు ఆ రాతి మీద.
కుర్రాళ్ళు వాణ్ణి చూసిన చూపు
నేను ఈ కాగితం మీద పెట్టను.
"అక్కడ కోసేటప్పుడు ఇరిగితే
ఎవడో ఒకడి కాళ్ళ మీద పడుద్ది.
వాడూ మనలాంటోడే గదా"
అని చొక్కా తొడుక్కున్నాడు, బొత్తాలు తప్పుగా.

తర్వాత ఫారం.
లోపము, కారణము, కారకుడు.
కారకుడి దగ్గర నా పేరు రాశా.
కారణం దగ్గర పెన్ను ఆగితే
పక్కనుంచి వాడే చెప్పాడు, "ఎండ అని రాయరా."
రాశా.
దిద్దుబాటు చర్య ఏమిటని మెయిలొచ్చింది.
వారం తిరక్కుండా గొడుగొచ్చింది, పెళ్ళిపందిరంత,
దాని మీద కంపెనీ బొమ్మ.
నా ఫైల్లోకి ఒక హెచ్చరిక లేఖ.
దస్తగిరికి ఏమీ రాలేదు.
ఫారంలో వాడికి గడి లేదు.
జట్టులో షరీఫ్ అనే కుర్రాడు
ఇప్పటికీ వాడితో టీ తాగడు.
మూడువేల రెండొందలంటే
వాళ్ళ చెల్లెలి కాలేజీ ఫీజు. వాణ్ణి ఏమంటాం.

ఒకటా, అయిదా.
వేలి నిండా రాతిబూడిద,
ఎక్కడ నొక్కినా ఫోను పట్టించుకోవడం లేదు.
"ఏందిరా ఆ చూపు,
నాలుగొందల ఇరవయ్యొకటి దించారు, రా"
అని వాడి కేక.

ప్రశ్న దానంతటదే మూసుకుంది.

గొడుగు రాతికి పట్టాం,
మేం ఎండలో నిలబడ్డాం.
నీళ్ళు ఆరుతున్నాయి.
ఇద్దరం మాట్లాడ్డం లేదు.